ఏమీ ముట్టుకోలేదు తాతయ్యా!

మీ కాలంలో కంప్యూటరు చెడిపోవడానికి కూడా ఒక పద్ధతంటూ లేకుండా పోయింది నాయనా. మా రోజుల్లో సిస్టం మొరాయించిందంటే దానికో కారణం ఉండేది, ఆ కారణం సాధారణంగా మేమే. ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించింది మేము. ఎంత పరిగెత్తించామో మాకు తెలుసు, పడిపోతే ఎక్కడికి వెనక్కి రావాలో తెలుసు. బోర్డు మీద వేలు పెట్టి "ఇదిగో, ఈ జంపరు ఇక్కణ్ణుంచి పీకి ఇక్కడ పెట్టాను, అప్పట్నుంచీ ఇంతే" అని చూపించేవాళ్ళం. ఇప్పుడో? లక్షన్నర పోసి కొన్న డబ్బా, పక్కన గాజు తలుపు, లోపల రంగురంగుల దీపాలు. ఆట మధ్యలో ఠపీమని ఆగిపోతుంది. ఏం చేశావురా అంటే "ఏమీ ముట్టుకోలేదు తాతయ్యా" అంటాడు మా మనవడు. అబద్ధమాడే పిల్లాడు కాదు. నిజంగానే ముట్టుకోలేదు. నా ఏడుపంతా దాని గురించే.

నీకిది బోధపడాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. విసుక్కోకు. ఎలాగూ నీ ఆటకి వంద జీబీ అప్‌డేటు దిగుతోంది, అది అయ్యేలోపు నా పురాణం అయిపోతుంది.

ప్రాసెసర్ వేగం అంటే అప్పట్లో ఒక ఎక్కం. బోర్డుకి ఒక వేగం ఉండేది, దాన్ని బస్ అనేవాళ్ళం. ప్రాసెసర్ దానికి ఇన్ని రెట్లు. అరవై ఆరుని రెండుతో హెచ్చవేస్తే 133 మెగాహెర్ట్జ్ పెంటియం, రెండున్నరతో హెచ్చవేస్తే 166. రెండూ ఒకే బోర్డులో కూర్చునేవి. తేడా అల్లా ఒక బుల్లి ప్లాస్టిక్ టోపీ ఏ రెండు పిన్నుల మీద కూర్చుందన్నదే. ఆ టోపీయే జంపరు. చేయి జారిందా, కేబినెట్ అడుగున ఎక్కడో పడేది, టార్చిలైటు పట్టుకుని వెతుక్కోవలసిందే. 133 కొన్నవాడు దాన్ని 166కి పెట్టుకుని వీధంతా చెప్పుకునేవాడు. ఆ మిగులు ముప్ఫై మూడు మెగాహెర్ట్జ్‌తో ఏం సాధించాడయ్యా అంటే, ఏమీ లేదు. ఉత్తరం టైపు చేసే వేగం అతని వేళ్ళదే కదా. నువ్వు నవ్వుకో. కానీ ఆ ముప్ఫై మూడూ అతను చెమటోడ్చి సంపాదించినవి.

ఇక 1998 ఆగస్టులో వచ్చింది సెలెరాన్ 300ఏ. ఆ పేరు చెబితే మా ఈడు వాళ్ళలో కొందరికి ఇప్పటికీ గొంతు బొంగురుపోతుంది. ఇంటెల్ దాన్ని చౌక ప్రాసెసర్‌గానే వదిలింది. అంతకు ముందొచ్చిన మొదటి సెలెరాన్లలో ఎల్2 క్యాష్ అసలే లేదు, కొన్నవాళ్ళు తిట్టిపోశారు. అందుకని ఇందులో 128 కిలోబైట్ల క్యాష్‌ని చిప్పు మీదే పెట్టారు. అది ప్రాసెసర్‌తో సమానమైన వేగంతో పనిచేసేది. ఖరీదైన పెంటియం 2లో 512 కిలోబైట్లు ఉన్నా అది సగం వేగమే. ఇప్పుడు లెక్క చూడు. 300ఏ అంటే 66ని నాలుగున్నరతో హెచ్చవేయడం. ఆ నాలుగున్నరకి ఇంటెల్ తాళం వేసేసింది, కదపడానికి లేదు. కానీ బస్‌కి తాళం వెయ్యలేకపోయింది. 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డు కొని బస్‌ని 66 నుంచి 100కి మార్చావా, చేతిలో 450 మెగాహెర్ట్జ్! అదే రోజు విడుదలైన పెంటియం 2 450కి అమెరికాలో పెట్టిన ధర 669 డాలర్లు. మనదానికి 149. తేడా అప్పటి రూపాయల్లో ఇరవై వేల పైమాటే.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుకి పోయి, ఒక్కో కొట్టూ ఎక్కి దిగి, బేరమాడి, చివరికి మొదటి కొట్టుకే తిరిగొచ్చి కొనేవాళ్ళం. కొన్ని బోర్డులు 100 ఇచ్చేవి కావు. వాటికో ఉపాయం ఉండేది. ప్రాసెసర్ కార్ట్రిడ్జి అంచున బీ21 అనే పిన్ను ఉంటుంది. దాని మీద సన్నని టేపు ముక్క అంటిస్తే, వచ్చింది వంద బస్ ప్రాసెసరే కాబోలు అని బోర్డు నమ్మేది. టేపు నిలవనివాళ్ళు గోళ్ళరంగు పూసేవాళ్ళు. గోళ్ళరంగు సీసా నా స్క్రూడ్రైవర్ల డబ్బాలో ఏం చేస్తోందని మా ఆవిడ నిలదీస్తే, 669లోంచి 149 తీసివేసి కాగితం మీద చూపించాను. "ఆ మిగిలిన డబ్బేదీ?" అంది. దానికి ఇంతవరకూ నా దగ్గర జవాబు లేదు.

అందరి చిప్పూ 450 ఎక్కేది కాదనుకో. ఎక్కనివాడు మధ్యేమార్గంగా బస్‌ని 83 దగ్గర పెట్టుకునేవాడు, అంటే 375. ఇక్కడుంది తమాషా. 83 మీద నడిచే సిస్టం 100 మీద నడిచేదాని కంటే ఎక్కువ ఏడిపించేది. ఎందుకో చెప్పు చూద్దాం? చెప్పలేవులే, మీకు భాగహారం ఫోను చేసిపెడుతుంది. హార్డ్ డిస్కు, సౌండ్ కార్డు వగైరాలు వేలాడే పీసీఐ లైను 33 మెగాహెర్ట్జ్ దగ్గర నడవాలి. బస్ 66 అయితే బోర్డు దాన్ని రెండుతో భాగిస్తుంది, 100 అయితే మూడుతో. రెండు చోట్లా వచ్చేది 33. కానీ 83ని చాలా బోర్డులు రెండుతోనే భాగించేవి, 41 దాటేది. ప్రాసెసర్ నిక్షేపంగా ఉండేది, డిస్కు మీద ఫైళ్ళు మాత్రం ఒక్కొక్కటిగా పాడయ్యేవి. కొట్టువాడు "వైరస్ సార్, ఫార్మాట్ కొట్టేద్దాం" అనేవాడు. ఫార్మాట్ కొట్టినా నాలుగు రోజులకి మళ్ళీ అదే రాగం. వేగం తగ్గిస్తే కుదురుకోవాలి గదా అని ఆ 83 దగ్గర ఎంతమంది జుట్టు పీక్కున్నారో! నా జుట్టు సంగతి అడక్కు, అది వేరే కారణాల వల్ల పోయింది.

పడిపోయే సిస్టంని దారికి తెచ్చుకోవడానికి మాకో క్రమం ఉండేది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. బస్ మార్చిన రోజు వోల్టేజీ జోలికి పోకూడదు, వోల్టేజీ మార్చిన రోజు ర్యామ్ జోలికి పోకూడదు. ప్రతిదీ రాసిపెట్టుకోవాలి. నేను బ్యాంకు మనిషిని, పాత లెడ్జరు ఒకటి పెట్టుకుని తేదీ, బస్, వోల్టేజీ, గదిలో వేడి, ఎంతసేపు నిలిచింది, ఎలా పడింది అని గళ్ళు గీసుకున్నాను. ఆఫీసులో బాలెన్సు తేడా వస్తే దీపాలు పెట్టుకుని కూర్చున్నట్టే ఇంట్లోనూ కూర్చునేవాణ్ణి. మీరేం చేస్తారు? ఒకేసారి ఆరు మీటలు నొక్కి, మూడు వీడియోలు చూసి, ఏది పనిచేసిందో తెలియకుండానే "సెట్ అయింది" అంటారు. రెండు వారాల తర్వాత మళ్ళీ తాతయ్యా అంటారు.

పరీక్షకి ప్రైమ్95 ఉండేది, ఇప్పటికీ ఉంది. జార్జ్ వోల్ట్‌మన్ అనే అమెరికా ఆయన 1996లో మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోసం ఒక వేట మొదలుపెట్టాడు. ప్రపంచంలో ఎవరి కంప్యూటరు ఖాళీగా ఉంటే అది తలా ఒక సంఖ్యని పట్టుకుని, ఇది ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చాలి. ఆ ప్రోగ్రాములోనే టార్చర్ టెస్ట్ అని ఒకటి పెట్టాడు, పేరుకి తగ్గట్టే ఉంటుంది. దాని గొప్పదనం ఏమిటంటే, లెక్కలో మెట్టుమెట్టునా పూర్ణాంకానికి దగ్గరగా వచ్చిందా లేదా అని చూసుకుంటుంది. రాకపోతే రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ ఉండాలి అని ఒక్క ముక్క రాసి ఆగిపోతుంది. సిస్టం నడుస్తూనే ఉంటుంది, మౌస్ కదులుతూనే ఉంటుంది, పాట వినిపిస్తూనే ఉంటుంది. కానీ లెక్క తప్పింది.

నీకు నీలి తెర వస్తే ప్రళయం వచ్చినట్టు అరుస్తావు గానీ, నీలి తెర మర్యాదస్థురాలు, చెప్పి మరీ పోతుంది. పడిపోకుండా తప్పు కూడే ప్రాసెసర్‌కి నేను భయపడతాను. పైసా తేడా వస్తే ఇంటికి పోకుండా కూర్చునే జాతి మాది, అలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని ఎలా నిద్రపోతాం? అందుకే రాత్రి పడుకునే ముందు ఆ టెస్టు పెట్టి, తెల్లారి కాఫీ కంటే ముందు దాన్ని చూసేవాణ్ణి. చిన్న లెక్కలు క్యాష్‌లోనే తిరుగుతాయి, వాటిలో తప్పితే ప్రాసెసర్‌కి వోల్టేజీ చాలడం లేదనో వేడెక్కిందనో అర్థం. అవి నెగ్గి, పెద్ద లెక్కల్లో మాత్రమే తప్పితే ర్యామ్ వైపు చూడాలి. దానికి మెమ్‌టెస్ట్86 ఉన్న ఫ్లాపీ వేరే. ఫ్లాపీ అంటే ఏమిటో మీ నాన్ననడుగు.

వోల్టేజీ దగ్గర కుర్రకారు ఎప్పుడూ తొందరపాటే, మా కాలంలోనూ అంతే. పడిపోయిందా, పెంచెయ్. రెండు వోల్టుల చిప్పుకి 2.2 ఇస్తే పది శాతమే గదా అనుకుంటారు. వేడి వోల్టేజీ వర్గాన్ని పట్టి పెరుగుతుంది నాయనా, అక్కడికి ఇరవై ఒక్క శాతం. వేడెక్కిన చిప్పు మళ్ళీ తప్పులు చేస్తుంది, మళ్ళీ పెంచుతారు. పైగా సెట్ చేసిన వోల్టేజీ అందుతుందన్న నమ్మకం లేదు. పక్కింటివాళ్ళు బోరు మోటారు వేస్తే మనింట్లో బల్బు కుంగుతుంది చూడు, ప్రాసెసర్ ఉన్నట్టుండి బరువెత్తుకున్నప్పుడు దానికొచ్చే వోల్టేజీ కూడా అలాగే కుంగుతుంది. ఊరికే ఉన్నప్పుడు కొలిచిన అంకె చూసి మురిసిపోకూడదు, పని చేస్తున్నప్పుడు కొలవాలి. ఈ మాట మా మనవడికి నేను చెబితే "దానికి లోడ్‌లైన్ కాలిబ్రేషన్ ఉంది తాతయ్యా" అన్నాడు. ఉంటే ఉండనీ. కుంగుడికి మీరు పేరు పెట్టారు, మేము మల్టీమీటరు పెట్టాం.

ఇంకో సంగతి, డిసెంబరులో నెగ్గిన సిస్టం మే నెలలో నెగ్గదు. హీట్‌సింకు ఎంత పెద్దదైనా గదిలో గాలి కంటే చల్లబరచలేదు. గది పాతిక నుంచి నలభై రెండుకి వెళ్ళిందా, చిప్పు కూడా కాస్త అటూ ఇటూగా అంతే పైకెక్కుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, సెలెరాన్ ఒక లెక్కా? అందుకే మే నెల మధ్యాహ్నం రెండింటికి నిలిచిన వేగాన్నే నేను వేగంగా ఒప్పుకునేవాణ్ణి. కేబినెట్ తలుపు ఊడదీసి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పేవాణ్ణి. ఇంటిల్లిపాదీ చెమటలో కూర్చునేవాళ్ళం, ప్రాసెసర్ హాయిగా లెక్కలు చేసుకునేది. ఇప్పుడు మా మనవడి గదిలో ఏసీ ఉంది. ఏసీ గదిలో నెగ్గడం కూడా ఒక నెగ్గడమేనా?

అథ్లాన్ ప్రాసెసర్ల రోజులు వచ్చేసరికి పెన్సిల్ చాలు. డ్యూరాన్, థండర్‌బర్డ్ చిప్పుల నెత్తిన ఎల్1 అని చిన్న చిన్న వంతెనలు ఉండేవి, తెగగొట్టి పంపేవాళ్ళు. నటరాజ్ పెన్సిలు చెక్కి వాటిని కలిపి గీస్తే మల్టిప్లయరుకి, అంటే ఆ హెచ్చవేత అంకెకి, వేసిన తాళం ఊడేది. రూపాయి పెన్సిలు! అటు తర్వాత అథ్లాన్ ఎక్స్‌పీ వచ్చాక అక్కడ లేజరుతో గుంటలు పెట్టి ఆ సరదా తీర్చారు. పాపం, నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, ఆ చిప్పులకి తమని తాము కాపాడుకునే తెలివి లేదు. 2001లో ఒక వెబ్‌సైటువాళ్ళు నడుస్తున్న ప్రాసెసర్ల మీద హీట్‌సింకు తీసేసి వీడియో తీశారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికింది, అథ్లాన్ పొగ కక్కుకుంటూ పోయింది. నేటి చిప్పు వంద డిగ్రీల దగ్గరికొస్తే తనంతట తానే నెమ్మదిస్తుంది. అది మంచిదే కావచ్చు. కానీ ఆ పొగ వాసనలో ఒక నిజాయితీ ఉండేది.

అప్పుడే కెపాసిటర్ల పీడ కూడా వచ్చిపడింది. 2000 దాటాక కొన్నేళ్ళపాటు చాలా బోర్డుల్లో నాసి ఎలక్ట్రొలైట్ పోసిన కెపాసిటర్లు పడ్డాయి. ఏళ్ళ తరబడి నిలిచిన వేగం ఉన్నట్టుండి నిలిచేది కాదు. అందరూ ప్రాసెసర్‌ని అనుమానించేవాళ్ళు. నేను మాత్రం తలుపు తీసి, ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడ్డ కెపాసిటర్ల తలలు చూసేవాణ్ణి. తల చదునుగా ఉంటే సరే, ఉబ్బిందంటే బోర్డు మార్చాల్సిందే. కళ్ళతో చూసి రోగం చెప్పే భాగ్యం మీకేది? మీ బోర్డు మీద ఎటు చూసినా లోహపు కవచాలు, వాటి మీద పులి బొమ్మలు.

ఇక మీ కాలానికి వద్దాం. ఇప్పుడు ప్రాసెసర్ కంపెనీలోనే ఓవర్‌క్లాక్ అయి వస్తోంది. కోర్ ఐ9-14900కే అనేదాని మూల వేగం 3.2 గిగాహెర్ట్జ్, గొప్పగా చెప్పుకునేది 6. ఆ మధ్యలోదంతా వేడి, కరెంటు, పనిచేస్తున్న కోర్ల సంఖ్య చూసుకుంటూ క్షణక్షణానికీ అదే పెంచుకుని అదే తగ్గించుకుంటుంది. దానికి 253 వాట్లు అని ఇంటెల్ గీత గీస్తే, పక్కవాడి బోర్డు కంటే రెండు మార్కులు ఎక్కువ రావాలని చాలా బోర్డులవాళ్ళు ఆ గీతని డిఫాల్ట్‌లోనే చెరిపేశారు. ఏమైంది? 13, 14వ తరం చిప్పులు కొన్నవాళ్ళలో చాలామందికి ఆటలు పడిపోసాగాయి. వచ్చే ఎర్రరేమో వీడియో మెమరీ చాల్లేదని! జనం గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకున్నారు. ఆటలో కుదించి పెట్టిన సరుకుని విప్పే పని ప్రాసెసర్‌ది, అది విప్పడంలో తప్పుతోంది. తప్పు ఒకరిది, నింద ఇంకొకరిది. చిప్పు తన మైక్రోకోడ్ పొరపాటు వల్ల అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని 2024 జూలైలో ఇంటెల్ చెప్పింది. ఆగస్టులో 1.55 వోల్టులు దాటనివ్వని కొత్త మైక్రోకోడ్, సెప్టెంబరులో ఇంకోటి, వారంటీ మరో రెండేళ్ళు. అప్పటికే అరిగిపోయిన చిప్పులకి మాత్రం మందు లేదు, మార్చుకోవలసిందే. వోల్టేజీ పెంచి చిప్పు పాడుచేసుకునే హక్కు మా తరానిదిరా అబ్బాయ్, దాన్ని కూడా కంపెనీలు లాగేసుకున్నాయి.

మా మనవడి సిస్టం ఇంకో రకం. ఏ కంపెనీదో చెప్పను, దాని తప్పేం లేదు. ఆట ఆడుతున్నప్పుడు కంటే, బ్రౌజరు తెరిచి ఊరికే పెట్టినప్పుడు ఎక్కువగా రీస్టార్ట్ అయ్యేది. నేను లెడ్జరు దులిపి తీశాను. ప్రైమ్95 రాత్రంతా నడిపాను. ఒక్క తప్పు లేదు! ఇదేం లోకమయ్యా, బరువు మోస్తే నిలబడుతుంది, విశ్రాంతి తీసుకుంటే పడిపోతుంది? వాణ్ణి కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పాడు, "ఒక బటన్ నొక్కాను అంతే, మిగతాదంతా ఆటోమేటిక్‌గా అదే చేసుకుంది" అని. అది ముట్టుకోవడం కిందికి రాదట. ఆ బటన్ ఏం చేసిందంటే, ఒక్కో కోర్‌నీ ఎంత తక్కువ వోల్టేజీతో నడపొచ్చో అంచనా కట్టి తగ్గించేసింది. కోర్లన్నీ కలిసి పనిచేస్తే వేగం తక్కువగా ఉంటుంది, ఆ వోల్టేజీ సరిపోతుంది. పని తక్కువైనప్పుడు ఒకే ఒక్క కోర్ అన్నిటికంటే పై వేగానికి ఎగురుతుంది, ఆ క్షణంలో చాలదు. ఇది నాకు అర్థమయ్యేలోపు వాడు విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచాడు. అందులో హార్డ్‌వేర్ ఎర్రర్ 18వ నంబరు కింద ఏ కోర్ తప్పు చేసిందో అంకెతో సహా రాసి ఉంది. మిషనే తన నేరం తనే రాసిపెట్టుకుంది! ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షించి, ఆ ఒక్కదానికి కోసిన వోల్టేజీ తిరిగి ఇచ్చేశాం, పని అయిపోయింది. నా లెడ్జరులో ఒక్క గడి కూడా నిండలేదు.

ఇంత చేస్తే వాడి మొహంలో సంతోషం లేదు. ఆటలో రెండు ఫ్రేములు తగ్గాయట. రెండు! సెకనుకి రెండొందల పైచిలుకులో రెండు. రోజుకోసారి రీస్టార్ట్ అయినా ఫర్వాలేదు, పాతదే పెట్టెయ్ తాతయ్యా అంటున్నాడు. ఆ చాపల్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. మేము అలా ఉండేవాళ్ళం కాదు, ఉన్నంతలో తృప్తి పడేవాళ్ళం. నా సెలెరాన్ 450 దగ్గర నిలిచాక మళ్ళీ కదిపానా? అంటే, 103 బస్ పెట్టి 464 చూశాను, అదొక లెక్కలోది కాదు. 112 పెట్టి 504 కూడా చూశాను. ఐదొందలు దాటింది, విండోస్ 98 మేఘాల బొమ్మ దాకా వచ్చింది, కళ్ళారా చూశాను. నమ్మకపోతే మా ఆవిడ సాక్షి, వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను. ఆవిణ్ణి అడిగితే ఆ రోజు పొయ్యి మీద పప్పు మాడిన సంగతి తప్ప ఇంకేమీ గుర్తు లేదంటోంది.